బస్సు నీడ

కిష్టమ్మ మా స్కూలు బస్సులో ఆయమ్మ. సొంతూరు గోపన్‌పల్లి. ఆ బస్సు డ్రైవర్ స్వామిని నేనే. నాకు నోటి దురుసు, ఆమెకు ఓపిక. ఎనిమిదేళ్లు అలా సరిపోయింది. ముప్పైనాలుగు మంది పిల్లల్లో ఎవరు తినకుండా వచ్చారో, ఎవరు ఇంట్లో దెబ్బలు తిన్నారో మొహం చూసి చెప్పేది.

కోకాపేటలో మా స్కూలు ముందు చెట్టన్నదే లేదు. పిల్లలు ఎక్కేసరికి బస్సు చల్లగా ఉండాలని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకటే పట్టు. అందుకని మధ్యాహ్నం అరగంట ముందే బస్సు తెచ్చి, ఇంజిన్ ఆపకుండా ఏసీ నడిపేవాణ్ణి. అందరూ వచ్చి లెక్క సరిపోయేదాకా తలుపు తీయకూడదు, చల్లదనం పోతుందట. అంతదాకా పిల్లలు బయటే. ఎవరి తెలివో ఏమో!

కిష్టమ్మ వాళ్లను బస్సు నీడలో నిలబెట్టేది. రెండో తరగతి రసజ్ఞ బక్కపిల్ల, ఎండకు తాళలేదు. ఆ పిల్లంటే కిష్టమ్మకు ప్రాణం. వెనక మూల నీడ ఎక్కువని అక్కడ తన స్టూలు వేసి కూర్చోబెట్టేది. పొగ గొట్టం సరిగ్గా అక్కడే. రోజూ కళ్లముందున్నదాన్ని మేం ఎవరం చూడలేదు.

ఫిబ్రవరిలో రసజ్ఞకు దగ్గు పట్టుకుంది. ఆదివారం తగ్గేది, బుధవారానికి ముదిరేది. డాక్టరు దుమ్మన్నాడు. కిష్టమ్మ వాము మూట వాసన చూపించి, పిల్లను ఇంకాస్త నీడలోకి జరిపేది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక గురువారం పిల్ల స్టూలు మీద నుంచి ఒరిగిపోయింది. పెదవులు నీలమయ్యాయి. ఐదు రోజులు దవాఖానలో ఉంచారు. పడిపోయిన రోజు పిల్ల మొహం తుడిచిన తన కొంగు నల్లబడటం చూసి కిష్టమ్మ మర్నాడే ఆ స్టూలు మీద తానే కూర్చుంది. అరగంటకు దగ్గుతూ లేచి నా కిటికీ దగ్గరికొచ్చింది.

"స్వామీ, ఇంజన్ బంద్ చెయ్యి."

గ్రూపులో జవాబు నువ్వు చెప్తావా అని కసిరాను. ఆమె కదల్లేదు. చివరికి ఆపాను.

రసజ్ఞ తిరిగొచ్చిన రోజు వాళ్లమ్మ ఉమాశ్రీ గేటు దగ్గరికి వచ్చింది. కాకినాడ మనిషి, మాదాపూర్‌లో ఉద్యోగం. పాపకింకా నీరసంగా ఉందండి, ఎక్కేలోపు ఏసీ బాగా వేసి ఉంచమనండి, మీ దగ్గరుంటే నాకు బెంగ లేదని కిష్టమ్మ చెయ్యి పట్టుకుంది. కిష్టమ్మ ఊరుకుంటే సరిపోయేది.

"అమ్మా, నీ బిడ్డను పొగల కూసోబెట్టింది నేనే. నీడ అనుకున్న. ఇగ ఏసీ వద్దమ్మా, నిలబెట్టిన బస్సుల ఇంజన్ నడవనియ్యకు."

ఉమాశ్రీ చెయ్యి వదిలేసింది. ఆ ఇంజిన్ నడిపిందెవరని అడగలేదు. ఎన్నడూ మూతపడని నా నోరు ఆ పూట పెగల్లేదు.

సోమవారం కిష్టమ్మను పనిలోంచి తీసేశారు. రసజ్ఞ కారులో వెళ్తోంది. ఏసీ ఎందుకు లేదని గ్రూపులో గొడవైంది, మళ్లీ వేయమన్నారు. వేశాను.

నిన్న లైన్లో మూడో తరగతి లోహిత్ దగ్గాడు. ఈరోజు ఇంకా ఎక్కువ దగ్గాడు. ఇంజిన్ తాళం నా చేతి కిందే ఉంది. నేను కిటికీ అద్దం పైకెత్తుకున్నాను.