బరంపురం గోడ మీంచి రంభకు చేరిన మనోరంజితం

నవంబరు మొదటి శనివారం ఉదయం ఆరూ నలభైకి, బరంపురంలో ఒక ప్రహరీ గోడ పక్కన, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉన్న ఒక కొమ్మకు వేర్లు వచ్చాయని తేలింది. ఆ గోడను సోమవారం కూలుస్తారు. దానితో పాటు దాని మీదికి పాకిన మనోరంజితం పొద కూడా పోతుంది. చిలికా సరస్సు ఒడ్డున రంభ అనే ఊళ్ళో నర్సరీ నడిపే గున్నమ్మకు తెలిసినంతలో, ఈ చుట్టుపక్కల మిగిలిన పెద్ద మనోరంజితం అదొక్కటే. ఇరవై ఏళ్ళుగా ఆమె అమ్మిన ప్రతి మనోరంజితం మొక్కా ఆ పొదలోంచి వచ్చిందే. అంచేత ఆ ఉదయం తేలవలసిన సంగతి చాలా చిన్నది. కొమ్మలకు వేర్లు పుట్టాయా, లేదా.

నేను విశాఖలో ఉంటాను. ఇరవై రెండేళ్ళుగా విలేకరి పని. మా మేడ మీది కుండీల్లో వరసగా మూడు వర్షాకాలాలు మనోరంజితం కొమ్మలు గుచ్చాను. మందార, నందివర్ధనం గుచ్చితే బతికాయి. ఇది బతకలేదు. పైన ఆకు పచ్చగానే కనిపిస్తుంది, తీసి చూస్తే అడుగు కుళ్ళిపోయి ఉంటుంది. ఈ మొక్కను చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది పొదలా పెరిగి తీగలా పాకుతుంది. కొక్కేల్లాంటి కాడలతో గోడనో చెట్టునో పట్టుకుంటుంది. పువ్వు ఆకుపచ్చగా పూసి, పండులాగే పసుపు రంగుకు మారుతుంది. అప్పుడొచ్చే వాసన ఒకరికి అరటిపండులా ఉంటుంది, ఇంకొకరికి పనస తొనలా ఉంటుంది. శ్రీకాకుళంలో పనిచేసే మా సహోద్యోగి ఒకరు గున్నమ్మ నంబరు ఇచ్చారు. ఫోన్ చేస్తే ఆమె ఒకటే చెప్పింది: "మొక్క కావాలంటే ఎప్పుడైనా రా బాబూ. ఎలా పుడతాదో సూడాలంటే మట్టుకు శనివారమే రావాల. గోడ ఆగదు."

శుక్రవారం మధ్యాహ్నం విశాఖలో రైలెక్కితే బరంపురానికి నాలుగున్నర గంటలు పట్టింది. స్లీపరులో రెండు వందల చిల్లర. స్టేషను ఎదుట సందులో గది తొమ్మిది వందలు. పొద్దున ఐదున్నరకు ఆటో ఎనభై రూపాయలు అడిగాడు, ఇచ్చాను. ఆ వేళకు ఇంకో ఆటో లేదు. ఇల్లు రైల్వే లైనుకు దగ్గర్లోనే ఉంది. ఇంటాయన రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఒడియా ఆయనే, కానీ ఉద్యోగమంతా పలాస, విశాఖల మధ్య తిరగడం వల్ల తెలుగు ఆగకుండా మాట్లాడతారు. వీధిలో అందరికీ గార్డుబాబు. గోడ అవతలి కాలువను వెడల్పు చేయడానికి వేసిన ఎర్ర గీత ఆయన గోడకు లోపల వైపు మూడడుగుల దూరంలో ఉంది. పొద మొదలు గీతకు గోడ వైపు, అంటే తవ్వే వైపు ఉంది. ఒక చెయ్యి దూరం అటు పుట్టి ఉంటే బతికిపోయేది.

గున్నమ్మ అప్పటికే స్టూలెక్కి ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా, మాట తక్కువ. జులై వానల్లో ఆమె ఆ పొదకు పన్నెండు చోట్ల గాలి అంటు కట్టింది. పద్ధతి ఇది. పెన్సిలు లావు కొమ్మ మీద బొటనవేలు వెడల్పున చుట్టూ బెరడు ఒలుస్తుంది. కింద కనిపించే జిగురు పొరను చాకుతో గీకేస్తుంది. ఆ గాయం మీద తడి కొబ్బరి పీచు ముద్ద పెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ చుట్టి, రెండు కొసలా బిగిస్తుంది. కట్టడానికి వాడేది పాత చేపల వల పేలికలు. బహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న సోనేపూర్ ఆమె పుట్టిల్లు, వల అక్కణ్ణుంచే వస్తుంది. వానకు కుళ్ళదు, కొమ్మ లావెక్కితే సాగుతుంది. వెలుతురు తగలకుండా పైన నల్లగుడ్డ. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు దారిన కిందికి దిగుతూ, దారి తెగిన చోట ఆగిపోతుంది. అక్కడే వేరు పుడుతుంది. ఇదంతా పుస్తకాల్లో చదివాను. చూడలేదు.

గున్నమ్మ గుడ్డ విప్పకుండానే ముద్దను రెండు వేళ్ళతో పట్టుకుని, తాళం తిప్పినట్టు నెమ్మదిగా తిప్పింది. ముద్ద కదల్లేదు. వేర్లుంటే పీచును పట్టుకుంటాయి, ముద్ద తిరగదు. లేకపోతే కొమ్మ చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఆ తరవాతే గుడ్డ తీసింది. ప్లాస్టిక్ లోపల, గోధుమరంగు పీచు మధ్య, తెల్లటి దారాలు. సేమియా అంత లావు. కొన్ని ప్లాస్టిక్ గోడను తాకి, దారి లేక, చుట్టూ మలుపు తిరిగాయి. ఆ కొమ్మ పుట్టినప్పటి నుంచీ ఎండనూ గాలినీ మాత్రమే చూసింది. మట్టి దాని మీద పడలేదు. గుప్పెడు చీకటి, గుప్పెడు తడి దొరికితే అది వేరు వేసింది. నా నోటుపుస్తకంలో అక్కడ సమయం తప్ప ఇంకేమీ రాసి లేదు.

పన్నెండింటిలో తొమ్మిది తిరగలేదు. మూడు తిరిగాయి. పన్నెండు కొమ్మలనూ పది రోజుల కిందటే ముద్ద కింద సగం దాకా కోసి ఉంచింది, తల్లి పొద మీద ఆధారపడటం కొంత కొంతగా తగ్గాలని. ఇప్పుడు వేరు వచ్చిన తొమ్మిదింటికే మిగతా సగం చిన్న రంపంతో కోసింది. మామూలుగా అయితే ఇంకో నెల ఆగేదట. తెల్ల వేరు లేత వేరు. గోధుమ రంగుకు మారితేనే కుండీకి తట్టుకుంటుంది. గార్డుబాబు టీ గ్లాసులు తెచ్చి, నావైపు తిరిగి ఫిర్యాదు చేశారు. "ఇరవై సంవత్సరాలు మా ఇంటి టీ తాగింది. ఇప్పుడు ఏర్లు కూడా పట్టుకొని పోతున్నాది."

"నీ టీలో ఏనాడైనా పంచదారున్నాదేటి గార్డుబాబూ," అంది గున్నమ్మ, రంపం ఆపకుండా.

మిగిలిన మూడూ కోసేయమని ఆయన అన్నారు. తవ్వే యంత్రం వచ్చాక ఎలాగూ పోయేవే కదా, కనీసం నీళ్ళలో పెట్టి చూడొచ్చని. ఆమె స్టూలు దిగి, ఆ మూడింటికీ నల్లగుడ్డ తిరిగి కట్టింది. "ఇప్పుడు కోత్తే కట్టె. ఉంచితే కొమ్మ," అంది. సోమవారం పోయే పొద మీద వాటిని ఎందుకు ఉంచుతోందో నాకు అంతుపట్టలేదు. 

తొమ్మిదింటినీ చేపలు మోసే ప్లాస్టిక్ పెట్టెలో నిలబెట్టి, ప్రతి కొమ్మకూ సగం ఆకులు కత్తిరించి, తడి గోనె చుట్టాం. వేరు ఇంకా అంత నీరు తాగలేదు కాబట్టి ఆకు తగ్గించాలి. బస్టాండు పక్కన పూరీ, ఘుగ్ని అనే బఠాణీల కూర తిని ఎనిమిదింటి బస్సెక్కాం. రంభకు గంటా పావు, మనిషికి అరవై రూపాయలు. పెట్టె టాపు మీద వేయమని కండక్టరు ఒడియాలో అన్నాడు. గున్నమ్మ ఒడియాలోనే ఏదో జవాబిచ్చింది, బస్సులో సగం మంది నవ్వారు. ఏమన్నావని అడిగితే చెప్పింది: "పురిటి పిల్లల్ని టాపు మీద ఎక్కిత్తావేటి అన్నాను." కండక్టరు కూడా తక్కువవాడు కాదు. పిల్లలైతే టికెట్టు తీసుకోమన్నాడు. మూడు టికెట్లు తీసుకుని పెట్టెను మా మధ్య సీటులో కూర్చోబెట్టాం.

ఛత్రపురం దాటాక రోడ్డుకు రెండు పక్కలా మొగలి పొదలు మొదలవుతాయి. ఋషికుల్యా వంతెన మీద గున్నమ్మ కిందటేడు సంగతి చెప్పింది. కిందటేడు కట్టినవి ఎనిమిది. రెండు నెలలకు విప్పితే ఎనిమిదీ బొగ్గులా ఉన్నాయి. చాకు మంచిదే, వానా మంచిదే. తప్పు ఎక్కడుందో తెలీక మూడు రోజులు అన్నం సయించలేదట. నాలుగో రోజున ఆ పీచు ముద్దనే నానబెట్టి, పిండి, ఆ చుక్క నాలుక మీద వేసుకుంది. ఉప్పు. పీచు చిలికా ఒడ్డున కొన్నది. అక్కడ కొబ్బరి డొక్కలు సరస్సు నీళ్ళలోనే నానేస్తారు. సరస్సు సగం సముద్రం. "మొగ నీళ్ళు తాగి పెరిగినదాన్ని బాబూ. ఉప్పు నాకు తెలీకపోడం ఏటి. సూడనేదు, అంతే." ఈ ఏడు పీచును నూతి నీళ్ళలో ఆరుసార్లు కడిగి, ప్రతిసారీ నాలుకతో చూసి, ఏడోసారి నీళ్ళు చప్పగా తగిలాకే కొమ్మకు కట్టింది.

రంభ బస్టాపు నుంచి నర్సరీకి నడిచి పదిహేను నిమిషాలు. తొమ్మిదిన్నరకు చేరాం. ముందు వరసలో కత్తిరించి గుండ్రంగా పెంచిన నూరువరహాలు, వెనక కనకాంబరాలు, ఇంకా వెనక ఆకుపచ్చ వల నీడ. అక్కడ కుండీలు సిద్ధంగా ఉన్నాయి. ఇసుక, ఆకు ఎరువు, ఎర్రమట్టి. గున్నమ్మ ప్లాస్టిక్‌ను నిలువుగా చీరి, పక్కలకు తెరిచి, పీచు ముద్ద చెదరకుండా కుండీలో దించుతుంది. వేలితో నొక్కదు. నీళ్ళు పోసి మట్టి తనంతట తను సర్దుకునేలా చేస్తుంది. నాలుగు అయ్యాక ఐదోది నన్ను చేయమంది. నేను వల పేలిక విప్పి, ప్లాస్టిక్‌ను మేజోడు లాగినట్టు కిందికి లాగాను. ముద్ద దానితో పాటే జారింది. తెల్ల వేర్లు కొమ్మ దగ్గర తెగి, పీచులోనే ఉండిపోయాయి. నా చేతిలో ఆకులున్న పుల్ల మిగిలింది.

 గున్నమ్మ పుల్ల అందుకుని చూసి, "రాసే సెయ్యి బాబూ నీది. ఇప్పే సెయ్యి కాదు," అంది. కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. ఆ పుల్లను కూడా ఇసుక కుండీలో గుచ్చింది. తరవాతవి నన్ను ముట్టుకోనివ్వలేదు. పదిన్నరకు లెక్క ఎనిమిది.

మధ్యాహ్నం ఒడ్డు దగ్గర పూరిపాకలో అన్నం, చిన్న రొయ్యల కూర, నూట ఇరవై రూపాయలు. తింటూ ఆమెను అడిగాను, ఎనిమిదిలో ఎన్ని నిలుస్తాయని. నలభై రోజుల్లో కొత్త ఆకులు రెండు వేసినవే మొక్కలు, అంతవరకూ లెక్క చెప్పనంది. పొద్దున బయల్దేరేటప్పుడు గార్డుబాబు తనకొకటి ఉంచమన్నారని గుర్తు చేస్తే, ముందు బతకనీమంది. ఒక్కటీ నిలవకపోతే? గున్నమ్మ కంచంలోంచి తలెత్తలేదు. "అప్పుడు మనోరంజితం ఉండీదని సెప్పుకుంటాం," అంది. చెయ్యి కడుక్కుని ఫోన్ తీసి, ట్రాలీ ఆటో వాడితో బేరం మొదలుపెట్టింది. ఉదయం కోయకుండా ఉంచిన మూడు కొమ్మల సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ఆమె తల్లి పొదనే తవ్వి తేవాలనుకుంటోంది. మిగతా కొమ్మలన్నీ మోకాలి ఎత్తుకు కత్తిరించి, ఆ మూడు కొమ్మలు మాత్రం దాని మీదే ఉంచి, మట్టిగడ్డతో సహా గోనెలో కట్టి. అంత పాత మొదలు కదిపితే బతకడం నాలుగింట ఒక వంతు కూడా కాదని ఆమే చెప్పింది. గార్డుబాబు ఫోనులో ముందు పిచ్చి అన్నారు, తరవాత గునపం తన దగ్గర ఉందన్నారు.

ఇది శనివారం సాయంత్రం బరంపురం గదిలో కూర్చుని రాస్తున్నాను. నా వృత్తిలో ఒక విషయం నిజమో కాదో తేల్చుకోవడానికి రెండో సాక్షిని అడుగుతాం. ఈ రోజు చూసినదానికి రెండో సాక్షి అక్కర్లేదు. బెరడు ఒలిచిన కొమ్మ చనిపోవాలి. అది చనిపోకుండా, ఎప్పుడూ చూడని మట్టి కోసం వేరు చాపింది. అలా ఎందుకు చేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పగలను, పైన చెప్పాను కూడా. చెప్పాక కూడా ఆశ్చర్యం తగ్గలేదు. ఇన్నేళ్ళలో నాకు ఇది కొత్త.

ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక్క సలహా. రంభ నర్సరీల్లో అంటు మొక్క కొనేటప్పుడు, ఎప్పుడు కోశారని అడగండి, ఆకులెన్ని ఉన్నాయని కాదు. కోసి నలభై రోజులు దాటి, కోసిన తరవాత పుట్టిన ఆకు కనీసం రెండు చూపిస్తేనే తీసుకోండి. పాత ఆకు పచ్చగా ఉండటం ఏమీ చెప్పదు.

నా తిరుగు టికెట్టు ఆదివారం రాత్రికి మార్చుకున్నాను. రేపు ఉదయం ఐదున్నరకు ట్రాలీ ఆటో గార్డుబాబు గేటు దగ్గరికి వస్తుంది. తవ్వడానికి ఇద్దరు మనుషులు, నేను మూడోవాణ్ణి. కొమ్మలు ముట్టుకోకూడదన్న షరతు మీద. సోమవారం తొమ్మిదింటికి యంత్రం వస్తుంది.