సావధాన్ తప్పిన పిల్ల

మిలిటరీలో హవల్దారుగా రిటైరై, కొత్తకోటలో సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు శిక్షణ ఇస్తున్న రోజులవి. నా విజిల్ వింటే హైవే మీద లారీలు కూడా ఆగేవి. నమ్మకపోతే మీ ఇష్టం. విజిల్ మోగితే పిల్లలంతా సావధాన్‌లో బిగుసుకోవాలి. నేను విశ్రామ్ అనేదాకా ఈగ వాలినా కదలకూడదు.

ఒక ఉదయం రోడ్డు పక్కన పరుగు తీయిస్తుంటే, ఓ లారీ డ్రైవర్‌ను గొర్రెలకాపరుల గుంపు కిందికి లాగి కట్టెలతో బాదుతోంది.

"మా గొర్లను తొక్కి సంపిండు, వీన్ని ఇడవొద్దుర్రి!"

అతని ముఖమంతా నెత్తురు. ఇంకో రెండు దెబ్బలకు ప్రాణం పోయేలా ఉంది. నేను ఉరికి అతని మీద బోర్లా పడి, సాయం కోసం అలవాటుగా విజిల్ ఊదాను.

అంతే, పిల్లలంతా సావధాన్! విశ్రామ్ అందామంటే ఎవడిదో పిడికిలి నా నోట్లో ఉంది. నా వీపు చిట్లుతుంటే వాళ్లు రాతిబొమ్మల్లా చూస్తున్నారు.

చివరికి యాదమ్మ అనే పిల్ల వరస తప్పింది.

"ఆర్డర్ సంగతి తర్వాత సూస్కుందాం. సార్‌ను సంపుతుండ్రు, ఉరుకుండ్రిరా!"

అందరూ వచ్చి చేతులు కలిపి మా చుట్టూ గోడ కట్టారు. తలలు పగిలినా ఒక్కరూ తిరిగి కొట్టలేదు. నెత్తురోడుతున్న పిల్లల్ని చూసి గుంపు కట్టెలు దించింది. డ్రైవర్ బతికాడు.

దవాఖానలో యాదమ్మ బెదురుతూ అడిగింది.

"సావధాన్ తప్పిన సార్. ఏం శిక్ష ఏస్తరు?"

నా మూతి నిండా కుట్లే. మంచం దిగి సెల్యూట్ కొట్టాను. ఆర్డర్ ఇచ్చేవాడే నాయకుడని అన్నాళ్లూ నేర్పాను. ఆర్డర్ ఇచ్చే నోరే పగిలినప్పుడు అడుగు ముందుకు వేసేవాళ్లే నాయకులని ఆ పిల్ల నాకు నేర్పింది.