లాల్ లాల్ టమాటర్... మా అమ్మ హిందీ చదువు

మా చిన్నప్పుడు... బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మధ్యాహ్నం అంట్లు తోమడం అవగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్క క్వార్టర్‌కి వెళ్ళి టీవీ ముందు కూర్చునేది.

ఆ వేళకి బడికింకా వెళ్ళని పిల్లల కోసం వంటల కార్యక్రమం వచ్చేది. అన్నీ పొయ్యి అక్కర్లేని వంటలే... ఒక టీచరమ్మ ఒక్కో కూరగాయ ఎత్తి చూపించి, పేరు రెండేసిసార్లు చెప్పేది. "యే హై టమాటర్... లాల్ లాల్ టమాటర్." ఆ తర్వాత "అబ్ హమ్ హాథ్ ధోయేంగే" అంటూ చేతులు కడుక్కునేది. చెప్పినట్టు చేసిన పిల్లలకి "షాబాష్" అనేది.

నా కోసమే వెళ్తున్నామనుకునేదాన్ని. నేనేమో పది నిమిషాలకే నిద్రపోయేదాన్ని... అమ్మ మాత్రం రెప్ప వేసేది కాదు.

అమ్మది పలాస దగ్గర పల్లె. అక్కడ ఆవిడ నోటికి వీధి వీధంతా హడలేనట. ఇక్కడికొచ్చాక హిందీ రాక మూగనోము పట్టినట్టు ఉండేది. నాన్న గూడ్సు గార్డు, డ్యూటీకి వెళ్తే రెండేసి రోజులు రారు. కాలనీ పిల్లలతో ఆడి ఆడి నాకు హిందీ వచ్చేసింది కాబట్టి, బజారులో అమ్మ తరఫున మాట్లాడేది నేనే. సోమవారం నుంచి నన్ను బడిలో వేస్తున్నారు... మరి అమ్మ గతేమిటి? అయిదేళ్ళ పిల్లనే గానీ, ఆ బెంగతో నాకు అన్నం సయించలేదు.

శనివారం సదర్ బజార్లో కూరలమ్మే తాత దగ్గర నేను నోరు తెరవబోతుంటే అమ్మ ఆపింది.

"నువ్వుండు. నాను అడుగుతాను."

టమాటా ఒకటి ఎత్తి పట్టుకుంది. టీచరమ్మలాగే నవ్వుతూ, నెమ్మదిగా... "యే హై టమాటర్. లాల్ లాల్ టమాటర్. అబ్ హమ్ టమాటర్ తోలేంగే" అంది. ఇప్పుడు మనం టమాటాలు తూస్తామని. తాత తెల్లబోయి తూచాడు. తూచగానే అమ్మ తల ఊపి "షాబాష్" అంది.

తెల్లగడ్డం మనిషిని పట్టుకుని షాబాష్ ఏమిటి... నాకు తల కొట్టేసినట్టయింది. కొంగు పట్టి లాగాను. కదిలితేనా.

తాత వంకాయ ఎత్తి, "అచ్ఛా బేటీ, యే క్యా హై?" అన్నాడు.

"బైంగన్," అంది అమ్మ, చేతులు కట్టుకుని.

"షాబాష్," అన్నాడు తాత. అలా బుట్టలన్నీ అయ్యాయి. వెనక బేరానికొచ్చినవాళ్ళు కూడా ఆగి విన్నారు.

దారిలో అమ్మ అంది... "సోమారం నువ్వు బడికెల్లు. నాకేటీ బయ్యం నేదు." నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నా కూతురికి అయిదేళ్ళు. దానికి అంతా హిందీయే... తెలుగు వింటుంది గానీ పలకదు. ఆదివారం వస్తే అమ్మ దాన్ని వంటింట్లో పీట మీద కూర్చోబెడుతుంది. "ఇది టమాటా... ఎర్రెర్రటి టమాటా. ముందు చేతులు కడుక్కుందామా?"

మొన్న వంకాయ చూపించి "ఇదేటమ్మా?" అని అడిగితే, అది చాలాసేపు ఆలోచించి "వంకాయ" అంది. అమ్మ "శభాష్" అని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు పరాయి మాట కోసం పడ్డ పాట్లు, ఇప్పుడు మన మాట కోసం పడుతున్నాం... మీ ఇళ్ళలో పిల్లల నోట తెలుగు ఎలా పలికిస్తున్నారో చెప్పరూ... మా అమ్మకి చదివి వినిపిస్తాను.