ఖల్లివెల్లి అయిన సెంటర్ ఫార్వర్డ్

జగిత్యాల కొత్తగా జిల్లా అయిన తర్వాత రెండో వేసవిలో నన్ను అక్కడికి సహాయ కార్మిక అధికారిగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. మా శాఖలో ఎవరి హోదా ఏమిటో బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. నా పైన సహాయ కమిషనర్, ఆయన పైన డిప్యూటీ కమిషనర్, ఆ పైన ఇంకా చాలామంది ఉంటారు. నా కింద ఒక అటెండర్ ఉండేవాడు, అతను కూడా సగం రోజులు కలెక్టరేటులో డ్యూటీ చేసేవాడు. బీడీ కార్ఖానాలు, రైసుమిల్లులు, దుకాణాలు, హోటళ్ళు నా పరిధి. హాకీ కూడా నా పరిధిలోనిదేనని ఛార్జి అప్పగించిన అధికారి నాకు చెప్పలేదు.

ఆ ప్రాంతంలో హాకీ ఏమిటని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు తలా ఒక జట్టు, మూడింటికీ కలిపి ఒక లీగు ఉండేవి. జట్లు మూడే కాబట్టి ఎవరు ఓడినా మూడో స్థానం ఖాయం. కోరుట్ల జట్టు యజమాని గంగాధర్ సేటు. ఆయన అసలు వ్యాపారం గల్ఫ్ దేశాలకు కూలీలను పంపే ట్రావెల్స్. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్, కెప్టెన్ కూడా, మహేందర్. కథలాపూర్‌లో కల్లు గీసే కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు. గోల్సన్నీ అతనే కొట్టేవాడు, మిగతావాళ్ళు ఫోటోలో నిలబడేవారు.

ఒక ఉదయం నా బల్ల మీదికి రెండు అర్జీలు వచ్చాయి. రెండూ మహేందర్ గురించే. రెండింటిలో ఒక్కటీ మహేందర్ ఇచ్చింది కాదు. మొదటిది కోరుట్ల హాకీ అభిమానుల సంఘం నుంచి. అగ్రిమెంటు నడుస్తుండగా పనికి రాకుండా ఇంట్లో కూర్చున్న ఆటగాణ్ణి వెంటనే పనిలోకి పంపాలని "లేబర్ ఆఫీసర్ సార్ గారిని" వేడుకున్నారు. నేను ఆడమనిషినన్న సంగతి ఆ సంఘానికి ఇంకా చేరలేదు. రెండోది సిరిసిల్ల అభిమానుల నుంచి. ఆటగాణ్ణి వెట్టి చాకిరి నుంచి విడిపించి, వీలైతే తమ జట్టుకు అప్పగించాలని అడిగారు. సిరిసిల్ల వేరే జిల్లా, దానికి వేరే అధికారి ఉన్నాడని చెబితే, ఆయన ఎప్పుడు పోయినా మీటింగులోనే ఉంటున్నాడని, అందుకే నా దగ్గరికి వచ్చామని చెప్పారు. నా వృత్తి జీవితంలో నేను అందుకున్న అతి పెద్ద ప్రశంస అదే.

విషయం కనుక్కుంటే తేలింది ఇది. మహేందర్‌కు రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చే దారి కనబడింది. ట్రయల్స్‌లో నెగ్గాడు. ఇక మిగిలింది సర్టిఫికెట్ల పరిశీలన. దానికి పదో తరగతి మెమో ఒరిజినల్ కావాలి. అది గంగాధర్ సేటు బీరువాలో ఉంది. జట్టులో చేరిన రోజే "భద్రంగా ఉంటది" అని తీసుకున్నాడట. మెమో ఇమ్మంటే, అగ్రిమెంటు ఇంకా రెండు సీజన్లు ఉంది, అది అయ్యాక చూద్దాం అన్నాడు. రెండు సీజన్లయ్యాక రైల్వేవాళ్ళు ఇతని కోసం కుర్చీ తుడిచి ఉంచరు కదా. మహేందర్ అలిగి సిరిసిల్లతో జరిగిన మ్యాచ్‌కు వెళ్ళలేదు. కోరుట్ల చిత్తుగా ఓడింది. మెమో బీరువాలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు గాని, ఓటమితో ఊరికి న్యాయం, ధర్మం అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

అభిమానుల సంగతి కొంచెం చెప్పాలి. నిరుడు లీగు గెలిచినప్పుడు కోరుట్ల బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దానిలోంచి ఇప్పుడు మహేందర్ తలను బ్లేడుతో కోసేశారు. కప్పు పట్టుకున్న చేతులు మాత్రం ఉంచారు, ఎందుకంటే కప్పు కోరుట్లది. తల పోయిన ఆ మొండెం పక్కన సేటు నవ్వుతూ దండం పెడుతున్నాడు. చాయ్ హోటళ్ళలో అగ్రిమెంటు చట్టం మీద రోజూ ఉపన్యాసాలు నడిచాయి. సౌదీలో పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి నా ఆఫీసుకే వచ్చి, ఎండలో రాళ్ళు మోసినా తాను అగ్రిమెంటు పూర్తిచేసే ఇల్లు చేరానని, పచ్చిక మీద కర్ర పట్టుకుని ఉరికేవాడికి ఏం రోగమని అడిగాడు. ఆ మైదానంలో పచ్చిక ఎక్కడుందో నాకైతే ఎప్పుడూ కనబడలేదు.

సిరిసిల్లవాళ్ళు ఇంకో రకం. మరమగ్గాల మీద వాళ్ళే నేసిన గుడ్డతో "మావోడు మహేందర్" అని బ్యానరు కట్టారు. అతను వాళ్ళ జట్టులోకి వస్తానని కలలో కూడా అనలేదు. జగిత్యాల అభిమానులు మాత్రం అందరికన్నా నిష్పక్షపాతులు. వాళ్ళ జట్టు ముందే ఓడిపోయింది కాబట్టి, ఏ గొడవ జరిగినా చూడడానికి మిక్చరు పొట్లాలతో మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు.

అసలు జోరు గల్ఫ్ నుంచి. మస్కట్, దుబాయ్, సౌదీలలో ఉన్న మనవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అక్కడ సెలవు శుక్రవారం. శుక్రవారం వచ్చిందంటే మహేందర్‌కు వాయిస్ మెసేజీలు జల్లులా పడేవి. ఆ గ్రూపు పెద్ద ముత్యంపేట లింబాద్రి. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ, ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. మహేందర్‌కు ఒక పేరు పెట్టిందీ ఆయనే. "సెంటర్ ఫార్వర్డు ఖల్లివెల్లి అయిండు." ఆ మాట మూడు ఊళ్ళకూ అంటుకుంది.

ఈ మాట తెలియనివాళ్ళకు చెబుతాను. గల్ఫ్‌లో మనిషికి వీసా ఇచ్చి పిలిపించుకునే యజమానిని కఫీల్ అంటారు. పాస్‌పోర్టు సాధారణంగా ఆయన చేతిలో ఉంటుంది. ఆయనతో పడక, పాస్‌పోర్టు వదిలేసి పారిపోయి, కాగితాలు లేకుండా మరోచోట పనిచేసేవాణ్ణి మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. పోలీసులకు దొరికితే జైలు. ఇంట్లో ఎవరైనా పోయినా రాలేడు. అట్లాంటి మాటను పదో తరగతి మెమో అడిగినందుకు కథలాపూర్ కుర్రాడికి తగిలించారు.

మా సహాయ కమిషనర్‌కు ఫోను చేసి ఏం చేయమంటారని అడిగాను. ఏదో ఒకటి తెలివిగా మాట్లాడి పంపించమన్నారు. కాగితం మీద ఇమ్మంటే, ఇంత చిన్న విషయానికి కాగితం ఎందుకన్నారు. నేను మహేందర్‌ను పిలిపించి అతని చేత ఒక అర్జీ రాయించుకుని, ఇరుపక్షాలకూ నోటీసులిచ్చి జాయింట్ మీటింగు పెట్టాను. యజమానినీ కార్మికుణ్ణీ ఒకే గదిలో కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడాన్ని మా శాఖలో అలా అంటారు. సర్టిఫికెట్ల పరిశీలనకు అప్పటికి వారం కూడా లేదు.

సేటు తన లాయరుతో వచ్చాడు. అగ్రిమెంటు నా ముందు పెట్టారు. చదవగానే అది ఎక్కడ పుట్టిందో తెలిసిపోయింది. ట్రావెల్స్ ఆఫీసులో కూలీలతో సంతకం పెట్టించుకునే కాగితాన్నే తీసుకుని "కంపెనీ" అన్నచోటల్లా "జట్టు" అని కొట్టించారు. కొన్నిచోట్ల టైపిస్టు మరిచిపోయాడు. ఆటగాడు ఇసుక తుఫానులలో సైతం విధులు నిర్వర్తించుటకు సమ్మతించుచున్నాడట. విధి నిర్వహణలో మరణించినచో మృతదేహాన్ని జట్టు ఖర్చుతో స్వదేశానికి పంపుతారట. కోరుట్ల నుంచి కథలాపూర్‌కు షేరు ఆటోలు నడుస్తాయి. ఈ షరతు గురించి సేటును అడిగితే, అది ఆటగాడి మేలు కోరి పెట్టిందని చెప్పాడు.

లాయరు మరో దారి పట్టాడు. పారిశ్రామిక వివాదాల చట్టం కింద నా దగ్గరికి రావాలంటే మనిషి కార్మికుడై ఉండాలి, పై అధికారి కాకూడదు. మహేందర్ కెప్టెన్, అంటే మిగిలిన పదిమంది మీద పర్యవేక్షకుడు, కాబట్టి కార్మికుడు కాడు, కాబట్టి ఈ మీటింగే చెల్లదు అన్నాడు. వాదన వినడానికి బాగానే ఉంది. నువ్వు వాళ్ళకు సెలవులు మంజూరు చేస్తావా, ఎవరినైనా పనిలోంచి తీసేయగలవా అని మహేందర్‌ను అడిగాను.

"నా మాట ఎవడింటడు మేడమ్? బాల్ పాస్ ఇయ్యుమన్న ఇయ్యరు," అన్నాడు.

మెట్ల మీద జగిత్యాలవాళ్ళు నవ్వారు. అప్పుడు కోరుట్ల సంఘం కార్యదర్శి లేచి, అభిమానుల మాట కూడా వినాలని, తమ గల్ఫ్ అధ్యక్షుడు ఫోనులో సిద్ధంగా ఉన్నాడని అన్నాడు. చట్టంలో అభిమానులకు చోటు లేదు. కానీ ఆ గదిలో వాళ్ళకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు, గోడల దాకా నిండిపోయారు. సరేనన్నాను. ఫోను స్పీకరులో పెట్టి నా బల్ల మీద ఉంచారు.

లింబాద్రి గొంతు గది నిండా మోగింది. ఊరు అన్నం పెట్టిందని, సేటు పేరు తెచ్చాడని, అగ్రిమెంటు మీద సంతకం పెట్టినోడు దానికి కట్టుబడాలని, మెమో ఇచ్చే ముచ్చటే లేదని చెప్పాడు. ప్రతి వాక్యానికీ కోరుట్లవాళ్ళు తలలూపారు. సేటు కళ్ళు మూసుకుని పాట వింటున్నట్టు విన్నాడు. మహేందర్ అంతసేపూ తల దించుకున్నాడు. అయ్యాక ఫోను మీదికి వంగాడు. గొంతు పెంచలేదు.

"లింబాద్రన్నా, నీ పాస్‌పోర్టు ఎవలతాన ఉన్నది?"

లైను తెగిందనుకుని కార్యదర్శి ఫోను చేతిలోకి తీసుకోబోయాడు.

"కఫీల్ తాన," అంది గొంతు.

"నువ్వు పనిజేసుడు గా కఫీల్ తాననేనా?"

"కాదు తమ్మీ. గా కఫీల్ తాన్నుంచి అచ్చి నాలుగేండ్లయితున్నది."

నాలుగేళ్ళుగా లింబాద్రి ఖల్లివెల్లి అని ఆ గదిలో చాలామందికి అప్పుడే తెలిసింది. కొందరికి ముందే తెలుసని వాళ్ళ ముఖాలు చెప్పాయి. లాయరు మాత్రం ఇది ప్రస్తుత వివాదానికి సంబంధం లేని విషయమని రికార్డు చేయమన్నాడు. చేశాను. సేటు మెమో ఇవ్వనన్నాడు. అదీ రాసుకుని, చర్చలు విఫలం అని సంతకాలు తీసుకున్నాను. చట్టప్రకారం నేను పైకి నివేదిక పంపాలి. పైవాళ్ళు దాన్ని చదవాలి. ఈలోపు పరిశీలన తేదీ దాటిపోతుంది, బహుశా మహేందర్ కూడా రిటైరవుతాడు. మెట్లు దిగిపోతున్న అతణ్ణి చూసి నాకు కోపం వచ్చింది, ఎక్కువగా నా చేతిలో ఉన్న చట్టం మీద.

మర్నాడు శుక్రవారం. లింబాద్రి గ్రూపులో ఒక మెసేజీ పెట్టాడు. మా అటెండర్ నాకు వినిపించాడు. మహేందర్ ప్రస్తావనే లేదు. క్షమాపణ అసలే లేదు. ఒక్క మాటే ఉంది: "మనకు గాడొక కఫీల్, గీడొక కఫీల్. కోరుట్ల కఫీల్."

అంతే. నిన్నటిదాకా అగ్రిమెంటు పవిత్రత మీద గొంతులు చించుకున్నవాళ్ళంతా ఒక్క పూటలో పార్టీ మార్చారు. సాయంత్రానికి సేటు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఆయన బజారుకొస్తే కఫీల్ వచ్చాడు, చాయ్ తాగితే కఫీల్ తాగాడు. వీసాకు వచ్చిన ఇద్దరు సారంగాపూర్ మనుషులు, ఈడనే కాగితాలు గుంజుకునేవాడు ఆడ మమ్మల్ని ఏం చేస్తాడని అడిగి, పక్క ట్రావెల్స్‌కు వెళ్ళారట. మిగతా ఏ వ్యాపారంలోనైనా ఆ పేరుతో బతకవచ్చు. మనుషులను గల్ఫ్ పంపే వ్యాపారంలో బతకలేరు.

సోమవారం ఉదయం సేటు లాయరు లేకుండా, ఒక ప్లాస్టిక్ కవరు చేత్తో పట్టుకుని నా ఆఫీసుకు వచ్చాడు. అందులో మెమో ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడమ్, నన్ను ఏమన్న అనుమనుండ్రి. గా పేరు మాత్రం వద్దు."

పేర్లు మార్చే అధికారం కార్మిక శాఖకు లేదని చెప్పాను. ఆటగాడి ఉజ్జ్వల భవిష్యత్తు దృష్ట్యా స్వచ్ఛందంగా ఇస్తున్నట్టు రాయమన్నాడు. రాశాను. మా ఫైళ్ళలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలే ఉన్నాయి. మహేందర్ ఆ మధ్యాహ్నమే మెమో తీసుకుని బస్సెక్కాడు. ఉద్యోగం వచ్చింది. వార్త తెలిసిన రోజే కోరుట్ల బస్టాండులో కొత్త ఫ్లెక్సీ లేచింది. "మా కోరుట్ల ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు" అన్నారు. ఈసారి తల పెట్టారు. శుభాకాంక్షలు తెలుపువారిలో అందరికన్నా పెద్ద ఫోటో సేటుది. సిరిసిల్లవాళ్ళు తమ బ్యానరు విప్పేసి, రైల్వేకు అమ్ముడుపోయాడని తిట్టారట.

ఫైలు మూసిన కొన్నాళ్ళకు విదేశీ నంబరు నుంచి నాకు ఫోను వచ్చింది. లింబాద్రి. ఈసారి గొంతు చిన్నగా ఉంది. మహేందర్ ఎట్లున్నాడని అడిగాడు, బాగున్నాడన్నాను. కొంతసేపు ఎండల గురించి మాట్లాడాడు.

"మేడమ్, గా పిల్లగానికి జేసినట్టు నా పాస్‌పోర్టుకు గూడ గొక మీటింగు పెట్టరాదుండ్రి? నా బిడ్డ లగ్గం ఉన్నది."

నా పరిధి జగిత్యాల జిల్లా సరిహద్దు దాకానేనని చెప్పాను. ఎంబసీకి అర్జీ పెట్టుకోవాలన్నాను. అది ఆయనకు నాకన్నా బాగా తెలుసు. సరే మేడమ్ అని ఫోను పెట్టేశాడు. పెళ్ళికి వచ్చాడో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత నేను పనిచేసిన కొద్దికాలంలో ఒక అలవాటు చేసుకున్నాను. ఏ వివాదంలోనైనా ఏ పక్షానికీ చెందని మనిషి ఎవరైనా అందరికన్నా గట్టిగా అరుస్తుంటే, అతణ్ణి బయటికి పంపేముందు నీకేం కావాలని ఒకసారి అడిగేదాన్ని. చాలాసార్లు అతనికీ ఒక అర్జీ ఉండేది. దాన్ని తీసుకునే ఆఫీసు మాత్రం మా జిల్లాలో ఉండేది కాదు.