బొట్టు దాటిన వాల్యూం

ఆదోనిలో క్యాసెట్లలో పాటలు నింపే దుకాణం మొట్టమొదట పెట్టింది నేనే. ఎమ్మిగనూరు నుంచీ మంత్రాలయం నుంచీ జనం బస్సులెక్కి వచ్చేవాళ్లు. నా గడప ముందు మొదలైన వరస రైల్వే స్టేషన్ దాకా పోయేది.

సరే, అంత లేదు. ఒక దర్జీ అంగడిలో సగం అద్దెకు తీసుకుని, బల్ల మీద టేపురికార్డర్లు పెట్టుకున్నాను. వరస నిజమే గాని, అది పక్కనున్న కిరోసిన్ డిపోది. మొదటివాణ్ణి కూడా కాను. మొదటివాడు మూసేసి పోతే అతని బోర్డు చవగ్గా కొన్నాను.

ఎనభైల మొదట్లో మాట. మా మేనమామ ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు, భజనలో ముందుపాట ఆయనదే. మైకు లేకుండా ఎత్తుకుంటే పక్క వీధుల్లో నిద్రపోయే పిల్లలు లేచేవాళ్లు. ఇది నా కోత కాదు, ఆ పిల్లల తల్లుల ఫిర్యాదు. తర్వాత ఏదో జబ్బు చేసి గొంతు పడిపోయింది, గుసగుస మిగిలింది. భజన జట్టులో కొత్తగా చేరినవాళ్లకు ఆయన తన పాత గొంతు సంగతి చెబితే, "అట్లనా పెద్దాయనా" అని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లు.

ఆయనకు మిగిలిన సాక్ష్యం ఒక్కటే. గొంతు బాగున్న రోజుల్లో ఒక పంతులుగారు పెద్ద చక్రాల టేపులో ఆ భజన పట్టి ఉంచారు. దాన్ని క్యాసెట్లోకి ఎక్కించి, ఉరుకుంద తిరునాళ్లలో ఆ నవ్వినవాళ్ల ముందే వినిపించాలని మామ పట్టుబట్టాడు.

పంతులుగారి యంత్రం అడిగి తెచ్చాము. దాంట్లో మామ గొంతుకు దర్జీ కత్తెర బల్ల మీద గలగలమంది. అదే గొంతు వైరు గుండా నా క్యాసెట్లోకి దిగేసరికి, దుప్పటి ముసుగేసుకుని మూలిగే రోగిదైంది.

మామ రెండోసారి కూడా విని లేచాడు. "ఇది ఇనిపిస్తే, ఆయప్ప గొంతు అప్పుడూ ఇంతేలే అంటారు. దీనికన్నా ఊరుకుండేది మేలు గదరా అల్లుడా."

ఆదోనిలో మనిషికి జబ్బు చేస్తే వైద్యుణ్ణి వెతకాలి గాని, యంత్రానికి జబ్బు చేస్తే వీధి వీధంతా వైద్యులే. మైకు సెట్టు అద్దెకిచ్చే ఆయన వచ్చి చెవి పెట్టి విన్నాడు.

"కరెంటు తక్కువన్నా. పత్తి మిల్లులు తిరుగుతాంటే నీకు సౌండు యాడ మిగుల్తాది? ఆదివారం ఎక్కించు."

ఆదివారం మిల్లులు ఆగాయి, బల్బు కళ్లు చెదిరేట్టు వెలిగింది, మామ మాత్రం అట్లాగే మూలిగాడు. మళ్లీ ఆయన్నే అడిగితే, "ఆదివారం కరెంటుకు బలముండదు" అని సైకిలెక్కాడు. ఇట్లాంటి వాళ్ల చేతిలో మా ఊరి పెళ్లిళ్ల మైకులన్నీ ఉండేవి.

కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన ఒకరు వైరుదే లోపమని తేల్చారు. బళ్ళారి పోయి కొత్తది తెచ్చాను. తేడా లేదు. దర్జీ మిషను ఆపి, "బళ్ళారి వైరు గదన్నా, కన్నడమైతే బాగా పోతుందేమో" అన్నాడు. నేను రికార్డింగు మీట చివరిదాకా తిప్పాను. మామ పెరగలేదు, బుస పెరిగింది.

"నీ డబ్బాలోనే ఏదో ఉంది" అన్నాడు మామ.

నా డబ్బాను అనేసరికి నాకు మండింది. ఒక సినిమా పాటల క్యాసెట్ వేశాను. "సూడు మామా, ఎట్ల పలుకుతాందో. దీనికేం రోగం?"

అది గట్టిగానే పలికింది. అప్పుడు నా చూపు వాల్యూం మీట మీద పడింది. అంగడి తెరిచిన రోజు నా భార్య యంత్రాలన్నిటికీ నూనెలో కలిపిన కుంకుమ బొట్లు పెట్టింది. అంగడికి సరిపడా సౌండు పెట్టిన తర్వాత, మీట నెత్తిన కూడా ఒకటి పెట్టింది. ఆ మరక ఇప్పుడు నెత్తిన లేదు. పక్కకు జారి, బల్లవైపు తిరిగి ఉంది. అంటే సౌండు ఎప్పటినుంచో తగ్గుతూనే వచ్చింది. రోజూ కాస్త కాస్త తిప్పుకుంటూ, నా యంత్రమంతటిది లేదని మీసం దువ్వుకున్నాను.

మూత తీసి దీపం పెట్టి చూశాను. టేపు రాసుకుంటూ పోయే హెడ్డు మీద జిడ్డు దూది అట్టలాగా పట్టుకుంది. ఎవరు పెట్టారంటే నేనే. హెడ్డును రోజూ తుడవాలని ఎవరో చెప్పారు. ఆదోనిలో పుట్టి దూది కొనడమా అనుకున్నాను. పత్తి మిల్లు గేటు దగ్గర పడిన దూది, గింజల జిడ్డుతో సహా ఏరుకొచ్చి, పొద్దున్నే పూజలాగా రుద్దేవాణ్ణి. మైకాయనను, కాలేజీ ఆయనను తిట్టడానికి నాకున్న అర్హత అది.

"మగ్గం మీద నుసి పడితే మేము దులుపుతాము. నువ్వు నుసి తెచ్చి పూస్తాండావా?" అన్నాడు మామ. గొంతు లేని మనిషి తిట్టు చెవి దగ్గరికొచ్చి మరీ తగులుతుంది.

కాంపౌండరును అడిగి స్పిరిట్ తెచ్చి, పాత పంచె ముక్కతో తుడిచాను. మీట వెనక్కి తిప్పినా సౌండు సరిపోయింది, బొట్టు మళ్లీ నెత్తికెక్కింది. మామ గొంతు క్యాసెట్లోకి నిండుగా దిగింది.

ఉరుకుందలో ఆ పాట మోగగానే తిరునాళ్లంతా నడక మరిచి నిలబడిపోయింది. కాదులెండి. ఒక టెంకాయల అంగడి హారన్ మైకులో, తప్పిపోయిన పిల్లల ప్రకటనల మధ్య మోగింది. నిలబడినవాళ్లలో ఒకాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. కాని జట్టువాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. క్యాసెట్లో చరణం మధ్యలో అప్పటి మామ పాట ఆపి, "తాళం యాడికి పోతాందిరా, నిద్రొస్తే ఇంటికి పో" అని గద్దించింది కూడా హారన్లో ఉరిమింది. టెంకాయ కొడుతున్నాయన చెయ్యి ఆగింది.

"పెద్దాయనా, ఇది నీ గొంతేనా?" అని జట్టులో ఒకడు అడిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మామ నా భుజం పట్టి లాగి, "ఆ అంగడాయప్పకు తగ్గియ్యమని సెప్పు. చెవులు పోతాండాయి" అన్నాడు.

నేను వినపడనట్టు చెవి చూపించాను. ఆయన ఇంకోసారి చెప్పాడు. నేను మళ్లీ చెవి చూపించాను.