బంగారు పళ్ల గ్రాఫిక్స్ కార్డు

"మూడొద్దుల సంది గా డబ్బ మొకమే చూస్తున్నవు. తీసి బయట పడేయ్" అన్నాను.

"నువ్వు జర ఊకో అమ్మమ్మా, నీకు సమజ్ కాదు" అంది మనవరాలు తల ఎత్తకుండా.

"తెర నల్లగున్నది. గిది సమజ్ కానీకి బడికి పోవాల్నా?"

"పోతే మంచిగుండేది. మూడో తరగతిల బడి బంద్ జేసినవు గని పెత్తనం బంద్ జెయ్యలే."

నిన్న పక్కింటివాళ్లు కొత్త మిక్సీ తెచ్చుకుని, పెద్దదాన్నని బొట్టు పెట్టడానికి నన్ను పిలిస్తే ఈ లొల్లంతా గుర్తుకొచ్చింది. పోయిన వానాకాలం మాట. మనవరాలు కరీంనగర్లో నా దగ్గరే ఉండి చదువు పూర్తి చేసింది. వంటింటి గట్టుకూ మెట్లకూ ఏ రాయి వేస్తే ఎలా కనబడుతుందో కంప్యూటర్లో బొమ్మలు చేసి చూపమని ఒక గ్రానైటు ఫ్యాక్టరీ వాళ్లు అడిగారు. ఆదివారం సాయంత్రానికి నాలుగు నమూనాలు పంపితే పనిలోకి తీసుకుంటామన్నారు. అది దొరికితే దానికి మొదటి ఉద్యోగం. పాత కంప్యూటరుకు అంత బలం లేదు, గ్రాఫిక్స్ కార్డు కావాలంది. కొత్తది కొనడానికి నేను ఒప్పుకోలేదు. నా కొడుకు దుబాయి నుంచి సెలవుకు వస్తూ, అక్కడెవరో వాడి వదిలేసినదాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఇటుకంత ఉంది. దానికి రెండు పంకలు, రెక్కల సందుల్లో ఎవరింటి దుమ్మో, ఎవరి వెంట్రుకలో.

మా కంప్యూటరును నడిపేది లైనక్స్. డబ్బు పెట్టి కొనక్కర్లేదని తెలిసినప్పటి నుంచి నాకు దాని మీద గౌరవం. కానీ శుక్రవారం కార్డు బిగించిన దగ్గర నుంచి ప్రతివాడూ దాన్నే తిట్టాడు. పంకలు తిరుగుతాయి, తెర మాత్రం వెలగదు. తెర తీగను మళ్లీ పాత చోట పెడితే బొమ్మ వస్తుంది గానీ, మనవరాలు ఏవో అక్షరాలు కొట్టి చూస్తే లోపలి సామాన్ల జాబితాలో కార్డు పేరే ఉండదు. డ్రైవరు వేసింది, తీసింది, ఇంకా పాతది వేసింది. డ్రైవరంటే కార్డుకూ కంప్యూటరుకూ నడుమ మాట మోసేదట. ఇంటర్నెట్లో ముక్కూమొహం తెలియనివాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకడి మందు వేస్తే ఉన్న బొమ్మ కూడా పోయింది.

శనివారం బస్టాండు దగ్గరి రిపేరు దుకాణానికి మోసుకుపోయాం. దుకాణదారు గుట్కా నములుతూ మూత విప్పాడు. లోపల బల్లిగుడ్ల పెంకులు, బొద్దింకల పెంట. రోజుకు రెండుసార్లు చీపురు తిరిగే నా ఇంట్లో! సిగ్గుతో తల వంచుకున్నాను. ఆయన పెదవి తుడుచుకున్న వేలినే లోపల పెట్టి, "లైనక్స్ పెడితే గిట్లనే అయితది మేడం, అందరు వాడేది ఎయ్యుండ్రి. లేకుంటే కార్డు పండ్లకు ఏమన్న అడ్డమున్నదో, ఆనుతలేవో" అన్నాడు.

మనవరాలు మొదటి మాట పట్టుకుంది. నేను రెండోది విన్నాను.

మా ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు పెట్టనిదే వాడం. కొడుకు దుప్పటి విప్పిన పొద్దున, పిల్ల స్నానానికి పోయినప్పుడు, ఆ పరాయి మురికిని భరించలేక కార్డును గుడ్డతో తుడిచి, గడపకు పూసినట్టు పసుపు పూశాను. అదీ ఎక్కడ? కంప్యూటరు లోపలి గాడిలో దిగే అంచున బంగారు పళ్లలాంటి వరస ఉంటే ముచ్చటపడి, రెండు వైపులా అక్కడే. ఎండాక బంగారమేదో పసుపేదో తెలియలేదు.

దుకాణం నుంచి ఇంటిదాకా ఆటోలో పసుపు సంగతి బయటపెట్టలేదు. చదువురానిదాని పని అంటారని భయం. ఆదివారమంతా పిల్ల ఎర్రబడ్డ కళ్లతో డ్రైవర్లు మారుస్తుంటే, నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీశాను. ఆ గుట్కా వేలు చూసినప్పటికంటే, బొద్దింకల పెంట చూసినప్పటికంటే, నన్ను చూసుకుంటే ఎక్కువ రోత పుట్టింది. ఆ రోతనే కోపం చేసి, సాయంత్రం డబ్బాను బయట పడేయమని అరిచాను. దానికి పిల్ల నా బడి మాట ఎత్తేసరికి ఇక దాచలేకపోయాను.

"గా బంగారు పండ్లకు పసుపు వెట్టింది నేనే" అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. "ఎప్పుడు?"

"మీ మామ తెచ్చిన్నాడే."

"నిన్న దుకాన్ల ఆయన అన్నప్పుడు నీకు ఎర్కయిందా?"

"అయింది."

"మరి జెప్పకపోతివి?"

పిల్ల ఫ్యాక్టరీ వాళ్లను ఒక్కరోజు గడువడుగుతూ మెసేజ్ పెట్టి, అన్నం తినకుండా పడుకుంది.

మరుసటి రోజు పొద్దున్నే కార్డు విప్పి, పెన్సిలు రబ్బరుతో ఒక్కొక్క పన్నూ రుద్దింది. పసుపు కాగితం మీద పొడిపొడిగా రాలింది. లోపలి గాడిని బ్రష్షుతో దులిపింది. బిగించి మీట నొక్కితే తెర వెలిగింది, జాబితాలో కార్డు పేరు వచ్చింది. లైనక్స్ దోషమేమీ లేదు. తొమ్మిది దాటాక ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ పని పెద్దపల్లి ఆయనకెవరికో ఇచ్చేశారట. "సరే సార్" అంది. నేనిచ్చిన చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి నాలుగు నమూనాలూ పూర్తయ్యాయి. తీసుకునేవాళ్లు లేరు.