ఎర్రచీర కింద ఒకరు, వరుసల వెంట ఒకరు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, అవ్వా, నీ స్వభావం ఏమిటో ఇది చెబుతుందట అంటూ నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. నలుగురిలో ఉండటం ఇష్టమా, ఒంటరిగా ఉండటం ఇష్టమా, కోపం వస్తే పైకి చెబుతావా, లోపల దాచుకుంటావా అని సాగిన ఆ ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు నేను చెప్పాను. తర్వాత వాళ్ల తాతను కూడా కూర్చోబెట్టి అవే అడిగింది. చివరికి మా ఇద్దరికీ ఒకటే ఫలితం వచ్చిందని చప్పట్లు కొట్టి, ఇద్దరూ ఒకటే రకమైతే ఇన్నేళ్లుగా కొట్లాటలు ఎందుకు వచ్చాయని నన్నే నిలదీసింది. నాకు నవ్వొచ్చింది. ఒకటే రకం అనే మాట మా ఇంట్లో కొత్తది కాదు. నా పెళ్లయిన నాటి నుంచి మా అమ్మనూ మా అత్తమ్మనూ చూసి చుట్టుపక్కల వాళ్లందరూ అన్న మాటే అది.

మా అమ్మది ఆదోని. జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే పనిలో ఆమె వయసంతా గడిచింది. గుట్టగా పోసిన పత్తి ముందు కూర్చుని ఎండాకు ముక్కలూ పచ్చబారిన పత్తీ ఏరి పక్కన పడేయడం ఆ పని. అత్తమ్మది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. ఇద్దరూ సన్నగా, పొడుగ్గా ఉండేవాళ్లు, ఇద్దరూ అవసరమైతే తప్ప నోరు విప్పేవాళ్లు కాదు, ఇద్దరికీ ఏడుపు రాదు, నవ్వు అంతకన్నా రాదు. వియ్యపురాళ్లు కలిస్తే మాటలు ఆగవంటారు గానీ వీళ్లిద్దరూ వదినా అని ఒకసారి పలకరించుకుని, గంటసేపు ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచి, పోయొస్తాను వదినా అని లేచేవాళ్లు. ఇద్దరు అమ్మలు ఎందుకమ్మా నీకు, ఒక్కరినే రెండుసార్లు చూసినట్టుంది అని మా వీధి ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, ఉరుకుంద పోయిన ఆ శ్రావణ సోమవారం దాకా.

మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. పాప పుట్టినప్పుడు అత్తమ్మ ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుందట, మంచి రోజు చూసి మా మగ్గాల వీధి వాళ్లందరం ఒక లారీ మాట్లాడుకుని బయలుదేరాం. అమ్మ ఆదోని నుంచి బస్సులో నేరుగా అక్కడికే వచ్చింది. ఆ రోజుల్లో ఉరుకుందకు పోయిన వాళ్లు గుడి చుట్టూ ఉన్న ఖాళీ నేలలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి, నాలుగు కర్రలు పాతి నీడకు చీర కట్టుకుని, ఓలిగలు, అంటే బొబ్బట్లు, చేసి స్వామికి నైవేద్యం పెట్టుకుని తినేవాళ్లు. తిన్నాక పొయ్యి ఆర్పి, రాళ్ల మీద నీళ్లు చల్లి, చీర విప్పుకుని లేవడం పద్ధతి. ఆర్పిన పొయ్యి దగ్గర ఆ తర్వాత ఎవరూ కూర్చోరు.

ఆ యేడు మా వీధిలో, వెనకవీధిలో ఒక రకం ఎర్రచీరలు నేశారు, పసుపు అంచుతో. రంగు నిలవలేదు. ఉతికితే నీళ్లు ఎర్రగా అయ్యేవి. కట్టుకోవడానికి పనికిరాక ఎవరు నేసినవి వాళ్ల ఇళ్లకే వచ్చాయి. నీడకైతే పనికొస్తాయని మా వాళ్లందరూ ఉరుకుందలో వాటినే కట్టారు. అత్తమ్మ మా చీర కట్టి, పాపను కిందకు పిలిచి, తప్పిపోతే మన ఎర్రచీర కాడికి వచ్చేయాలని నేర్పింది. ఆమెకు అందులో పొరపాటేమీ కనపడలేదు. తన చేతి నేత తనకు దూరం నుంచే తెలుస్తుంది, ఎవరి అంచు ఎలా వంగిందో, ఎవరు అడ్డపోగుల పేక గట్టిగా కొట్టారో కళ్లు మూసుకున్నా చెప్పగలదు. నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఎర్రచీర అంటే ఎర్రచీరే. ఆ నేలలో అలాంటివి ఎన్నో ఉన్నాయి.

నైవేద్యం పెట్టి వచ్చి అందరం తిన్నాం. గిన్నెలు కడగడానికి నేను అటు తిరిగి ఇటు తిరిగేలోగా పాప లేదు. బొమ్మల అంగళ్ల వైపు పోయిందేమోనని మా ఆయన పరుగెత్తాడు, అక్కడ లేదు. గుడి దగ్గర మైకులో చెప్పించాడు. మైకులో పాప గౌను రంగు చెబుతుంటే ఆ గొంతు ఎవరి బిడ్డ గురించో చెబుతున్నట్టు తాపీగా ఉంది. నేను పిచ్చిదానిలా ఒక వరుసలోకి ఉరికి, అక్కడి నుంచి ఇంకో వరుసలోకి దూరి, మళ్లీ మొదటి చోటికే వచ్చి పడుతున్నాను. ఆకాశం నల్లబడింది. లారీ డ్రైవరు వాన వస్తే మట్టిదారిలో బండి దిగబడుతుందని తొందరపెడుతున్నాడు. మా వీధి వాళ్లు పొయ్యిలార్పి మూటలు కడుతున్నారు, కొందరు మా సామాను కూడా సర్దబోయారు. అప్పుడు అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఇంకో రెండు పుల్లలు ఎగదోసి, ఆ రోజు మొదటిసారిగా గట్టిగా మాట్లాడింది.

"ఎవురూ పొయ్యి ఆర్పాకండి. చీర ఇప్పాకండి. బిడ్డకు సెప్పింది ఈ తావే. బిడ్డ వచ్చేదాకా నేను ఈడనుంచి లెయ్యను."

నా ఒళ్లు మండిపోయింది. బిడ్డ కనపడకపోతే ఈమెకు పొయ్యి మీద ధ్యాసా, మనవరాలి కోసం నాలుగు అడుగులు వేయలేని మనిషా అనుకున్నాను, అనుకోవడమే కాదు, ఆ మాట ఆమె మొహం మీదే అన్నాను. ఆమె పొయ్యి ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది, మగ్గం మీద పోగు తెగితే ఆమె చేసేది అదే. వెంటనే మగ్గం ఆపుతుంది, దేన్నీ కదపదు, తెగిన చోటనే కళ్లు పెట్టుకుని కూర్చుంటుంది, ఎందుకంటే కదిపితే ఆ కొస ఇక దొరకదు.

అమ్మ మాత్రం అప్పటికే లేచి చెంగు నడుముకు చుట్టింది. ఉరుకుతున్న నన్ను రెక్క పట్టుకుని ఆపింది.

"ఊరికే ఉరకద్దు మ్మే. సూసిందే సూస్తావు, సూడంది ఇడిసిపెడతావు. ఈ కొన నుంచి పోదాం, నా ఎనకాల రా."

ఆ పోవడం నేను ఎప్పటికీ మరిచిపోలేను. అమ్మ పత్తిగుట్ట ముందు కూర్చున్నట్టే ఒక కొస పట్టుకుని, ఒక్క చోటు కూడా వదలకుండా, ప్రతి చీర కిందికీ వంగి చూసి, అక్కడున్న వాళ్లను అడిగి, లేదంటే పక్కకు కదిలింది. వెళ్లే ముందు ప్రతి చోటా ఒకే మాట చెప్పింది, పొలాల వైపు చివరన ఎర్రచీర ఉంది, కింద పొయ్యి మండుతా ఉంటుంది, పిల్ల కనపడితే ఆడికి తీసుకరాండి అని. నాకు ఆ నిదానం భరించశక్యం కాలేదు. ముందుకు ఉరకాలని ఉంది, ఆ చివరనే ఏదో ఉన్నట్టు, మేము ఇక్కడ ఆగిన ఒక్కో క్షణం పాప అక్కడ ఇంకాస్త దూరమవుతున్నట్టు ఉంది. అమ్మ చెయ్యి నా మణికట్టు వదల్లేదు. రెండు ఎర్రచీరలు చూశాం, మూడోది చూశాం, మా వీధి వాళ్లవే, లేదన్నారు. ఇంకో ఎర్రచీర కింద మా వెనకవీధి ఆమె పిల్లల గుంపు మధ్య సామాను సర్దుతూ, ఈ పిల్లలంతా మా వాళ్లేనమ్మా అంది. అమ్మ తన మాట చెప్పి కదిలింది.

అంతలో వాన మొదలైంది. ఒక్కసారిగా ఆ నేలంతా కలకలం, అందరూ చీరలు విప్పుకుని నెత్తిన కప్పుకుని పరుగులు. చూస్తుండగానే నీడలన్నీ మాయమై కర్రలు మిగిలాయి. ఇక ఎక్కడని వెతకాలి, ఎవరిని అడగాలి, అంతా కలిసిపోయిన గుంపు. నేను వెనక్కి తిరిగి మా వైపు చూశాను. పొలాల అంచున ఒక్క ఎర్రచీర నిలిచి ఉంది, దాని కింద అత్తమ్మ పొయ్యి మీద పళ్లెం అడ్డుపెట్టి వంగి కూర్చుని ఉంది. ఆమె నెరిసిన జుట్టు మీద, భుజాల మీద ఎర్రగా కారుతోంది. నెత్తురనుకున్నాను. నెత్తురు కాదు, ఆ చీర రంగు.

అమ్మ మాత్రం ఆగలేదు. చీరలు లేని కర్రల మధ్య కూడా వరుస తప్పకుండా నడుస్తూనే ఉంది, తడిసిన మనుషుల మొహాల్లోకి చూస్తూనే ఉంది. నేను మాత్రం మళ్లీ మళ్లీ వెనక్కి చూస్తున్నాను. అలా చూసినప్పుడే అత్తమ్మ లేచి నిలబడటం కనపడింది.

లేవనని చెప్పిన మనిషి లేచింది. అమ్మా, అత్తమ్మ లేచింది అన్నాను. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అమ్మ ఒకసారి అటు చూసి, అప్పటిదాకా ఒక్క క్షణం ఆగని మనిషి, ఆ బురదలోనే చతికిలబడింది.

పాపను తెచ్చింది ఆ వెనకవీధి ఆమే. మా పాప మొదటే ఆ ఎర్రచీర కిందికి పోయి, పిల్లలతో కలిసి ఓలిగ తిని, మూటల వెనక నిద్రపోయిందట. చీర విప్పి పిల్లలను లెక్క చూసుకుంటే ఒక పిల్ల ఎక్కువైంది. అప్పుడు ఆమెకు అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. తలెత్తి చూస్తే ఆ నేలలో ఎర్రచీర ఒక్కటే నిలిచి ఉంది, పొగ ఒక్కచోటే లేస్తోంది. అమ్మ నిద్రపోతున్న పాప పక్క నుంచే దాటిపోయింది. అత్తమ్మ కూర్చున్న చోటుకు పాప తనంతట తాను ఎప్పటికీ వచ్చేది కాదు. ఈ రెండూ నాకు ఆ రోజు లారీలో తోచలేదు, పాపను ఒళ్లో అదుముకుని కూర్చున్నాను.

మరునాడు అత్తమ్మ మగ్గం గుంతలోకి దిగుతూ, నేనేదో క్షమాపణ చెప్పబోతే ఆపి, తన మానాన తాను అంది.

"మీయమ్మది ఏం గుండెనో. ఒక్కో చీర కింద తొంగి సూసినప్పుడల్లా బిడ్డ లేదని తెలుసుకోవాల గదా. నాకైతే ఒక్కసారికే కాళ్లు పడిపోతాండె."

ఆదోనికి పోయినప్పుడు ఆ మాట అమ్మకు చెప్పాను. కూర్చోవాల్సి వస్తే తన ప్రాణం అక్కడే పోయి ఉండేదని, వదిన ఎలా కూర్చుందోనని అమ్మ అంది. ఒకే రకం మనుషులు, ఒకే భయం, ఒకరు కదిలితే చచ్చిపోతానని కూర్చున్నారు, ఒకరు కూర్చుంటే చచ్చిపోతానని కదిలారు. ఎదుటివాళ్లదే పెద్ద ధైర్యమని ఇద్దరూ అనుకున్నారు.

మరుసటి యేడు మళ్లీ ఉరుకుంద పోయాం. అత్తమ్మ అదే చీర తెచ్చింది, రంగు సగం వెలిసిపోయి ఉంది. కర్ర పాతబోతుంటే బస్సు దిగి వచ్చిన అమ్మ చంకలోంచి పత్తి మూట తీసింది. పత్తిని ఒక తెల్లటి గుడ్డలో తలకాయంత చేసి కట్టి తెచ్చింది. అత్తమ్మ ఏమీ అడగకుండా కర్రను కిందికి వంచి పట్టుకుంది, అమ్మ ఆ తెల్లటి ముద్దను కొనకు కట్టింది, ఇద్దరూ కలిసి లేపి పాతారు. ఎర్రచీరలు ఎన్ని ఉన్నా కొనన తెల్లటి ముద్ద ఉన్నది మాదొక్కటే.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. ఈ శ్రావణంలో మేము కారులో ఉరుకుంద పోయాం. మనవరాలు దిగుతూనే గుంపులోకి పోయింది, ఫోనులో అది ఎక్కడుందో చుక్కలా కనపడుతూనే ఉంది, భయం లేదు. ఆనాటి పాప, నా కూతురు, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకునే వయసుది, నా పక్కన నిలబడి ఆ చుక్కను చూసుకుంటోంది. తప్పిపోయిన సంగతి దానికి ఏమాత్రం గుర్తు లేదట, పడుకుని పైకి చూస్తే వెలుగంతా ఎర్రగా ఉండటం ఒక్కటే గుర్తట. ఇప్పుడు ఎవరూ తప్పిపోరు, మంచిదే, నేను కాదనను. అయినా కారు దిగినప్పటి నుంచి నా కళ్లు ఆ జనం తలల పైన ఒక కర్ర కోసం, దాని కొనన తెల్లటి ముద్ద కోసం వెతుకుతూనే ఉన్నాయి.